కరెంటు పోయినా చేప బతకాలి: పెరట్లో చిన్న ఆక్వాపోనిక్స్

కింద చేపల తొట్టి, పైన కంకర నింపిన మొక్కల తొట్టి, రెండింటి మధ్య తిరుగుతూ ఉండే నీళ్లు. ఆక్వాపోనిక్స్ అంటే చూడటానికి ఇంతే. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. కంకరను అంటిపెట్టుకుని ఉండే బ్యాక్టీరియాలో ఒక రకం దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మొక్కలు పీల్చుకుంటాయి, శుభ్రపడిన నీళ్లు మళ్లీ చేపల దగ్గరికి దిగుతాయి.

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది మోటార్లకు వైండింగు కట్టే దుకాణం. పంపు కాలిపోయాక, చేపలు పోయాక మనుషులు నా దగ్గరికి వస్తారు. వాళ్లలో చాలామంది ముందు తొట్టి కొంటారు, తర్వాత చేపలు, ఆ తర్వాత పంపు. కరెంటు సంగతి అది పోయిన రాత్రి గుర్తొస్తుంది. మా గజపతి జిల్లాలో, సరిహద్దు అవతల పాతపట్నంలో, ఆ మాటకొస్తే తీరం పొడవునా ఎక్కడైనా సరే, ఈ పనిని తిరగేసి చేయాలని నేను చెబుతాను. కరెంటు లేకుండా చేపలు ఎంతసేపు బతకాలో ముందు తేల్చుకోండి. తొట్టి ఎంత, చేపలు ఎన్ని, పంపు ఏది అన్నవి ఆ లెక్కలోంచే వస్తాయి.

లెక్క చూడండి. 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును పట్టి ఉంచలేవు. 20 డిగ్రీల దగ్గర అది తొమ్మిది దాకా ఉంటుంది. అంటే చేపకు ఆకలి ఎక్కువగా ఉండే ఎండాకాలంలోనే నీళ్లలో గాలి తక్కువ. చేపలున్న తొట్టిలో ఆరు ఉంటే బాగున్నట్టు, మూడుకు దిగితే కష్టం మొదలైనట్టు. కిలో చేపలు గంటకు సుమారు 200 నుంచి 400 మిల్లీగ్రాములు వాడుకుంటాయి, మేత తిన్న తర్వాత ఎక్కువ. 500 లీటర్ల తొట్టిలో ఆరు నుంచి మూడుకు దిగేలోపు దొరికేది 1500 మిల్లీగ్రాములు. అందులో ఐదు కిలోల చేపలుంటే ముప్పావుగంట నుంచి గంటన్నర. పది కిలోలుంటే ఇరవై నుంచి నలభై ఐదు నిమిషాలు. రాత్రి పదకొండుకు కరెంటు పోయి తెల్లారి వచ్చే ఊరిలో ఈ అంకెలు గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి.

వెయ్యి లీటర్లకు 20 కిలోల దాకా పెంచవచ్చని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. వాళ్లకు అది సరే. కొత్తవాళ్లు అందులో సగం దగ్గర ఆగాలి. 500 లీటర్లకు 20 చేపలు వేస్తే, ఒక్కోటి పావు కిలో అయ్యేసరికి మొత్తం ఐదు కిలోలు. నేను ఇంతకు మించి వేయనివ్వను.

ఎక్కడ పెట్టాలి

డాబా మీద అని అందరూ అడుగుతారు. ఇళ్ల స్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు బరువుకు లెక్కవేసి కడతారు. రెండడుగుల లోతు నీళ్లు చదరపు మీటరుకు 600 కిలోలు. కంకర ఇంకా బరువు. దూలాలు, గోడలు ఎక్కడున్నాయో తెలిసిన ఇంజనీరు చెబితే తప్ప డాబా ఎక్కించకండి. పెరట్లో చదును చేసిన నేల చాలు. ఉదయం ఎండ మొక్కలకు తగలాలి, మధ్యాహ్నం నీడ తొట్టికి ఉండాలి. ఇంటి చూరు నీళ్లు నేరుగా తొట్టిలో పడే చోటు వద్దు, ఆకులు రాలే చెట్టు కింద వద్దు.

చేపలకు 500 లీటర్ల నల్ల సింటెక్స్ తరహా ట్యాంకు సరిపోతుంది. పైమూత కాస్త వెడల్పుగా కోసుకోండి. వెలుతురు తగిలిన నీళ్లు పాచి పడతాయి కాబట్టి తెల్లటి, వెలుగు దూరే తొట్టి తీసుకోవద్దు. మొక్కలకు 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కొని నిలువుగా చీలిస్తే నాలుగు తొట్లు వస్తాయి, మొత్తం మీద రెండు చదరపు మీటర్ల సాగు. పాత డ్రమ్ము కొంటే అందులో ముందు ఏముండేదో అడగండి. నూనె, పచ్చడి, పళ్లరసం అయితే సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టండి. పురుగుమందు, రంగు, యాసిడ్ అయినా, అమ్మేవాడు నసిగినా, వదిలేయండి. తొట్లను ఇనుప యాంగిళ్లతో గానీ సిమెంటు ఇటుకలతో గానీ ట్యాంకు కంటే ఎత్తున నిలబెట్టాలి. ఒక్కో సగం డ్రమ్ము తడి కంకరతో 150 కిలోలు దాటుతుంది. వెదురు తడకలు దాన్ని మోయలేవు.

కంకర 10 నుంచి 20 మిల్లీమీటర్ల సైజుది, పావు మీటరు లోతు. ఇక్కడి క్వారీల నల్లరాతి చిప్స్ బాగా పనికొస్తాయి. ఏ రాయి అయినా పిడికెడు తీసుకుని దాని మీద వెనిగర్ పోయండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు, అది నీళ్ల పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) ఎప్పటికీ పైకే లాగుతుంది. బుడగలు రాకపోతే, కడిగిన నీళ్లు తేటగా వచ్చే వరకు కడగండి. విసుగు పుట్టించే పని ఇదొక్కటే. ఎగ్గొడితే ఆ రాతిపొడి అంతా చేపల మొప్పల్లో చేరుతుంది.

పంపు, దాని పెట్టె మీది రెండు అబద్ధాలు

అబద్ధాలు అనడం కాస్త ఎక్కువే, రెండు సగం నిజాలు అందాం. పెట్టె మీద గంటకు 1500 లీటర్లు అని, ఎత్తు 2.5 మీటర్లు అని ఉంటుంది. ఎత్తు ఏమీ లేనప్పుడు 1500 లీటర్లు వస్తాయి. 2.5 మీటర్ల దగ్గర ఒక్క చుక్క రాదు. మీ తొట్టి నీటిమట్టానికి మీటరు పైన ఉంటే 800, 900 లీటర్లు వస్తే సంతోషించండి. మనకు కావలసింది అంతే.

నీళ్లు నిండి ఖాళీ కావడానికి బెల్ సైఫన్ అనే అమరిక ఉంది. నచ్చిన పని చేసుకునేవాళ్లకు సరదాగా ఉంటుంది. నాలుగు తొట్లకు నాలుగు సైఫన్లు, ఒకటి మొదలవదు, ఇంకొకటి ఆగదు. కొత్తవాళ్లకు టైమరే మేలు. ప్లగ్‌లో పెట్టే టైమర్‌తో పంపును గంటకు 15 నిమిషాలు నడిపి 45 నిమిషాలు ఆపండి. ప్రతి తొట్టి అడుగున నిలువుగా ఒక అంగుళం పీవీసీ గొట్టం బిగించండి. దాని పైఅంచు కంకర కంటే రెండంగుళాలు కింద ఉండాలి, అడుగు దగ్గర ఆరు మిల్లీమీటర్లకు మించని రంధ్రం ఒకటి ఉండాలి. పంపు నడుస్తున్నప్పుడు నీళ్లు పైఅంచు దాకా నిండి ఎక్కువైనవి గొట్టంలోంచి కిందికి పోతాయి. ఆగాక అడుగు రంధ్రంలోంచి మెల్లగా దిగిపోతాయి. నీళ్లు దిగేటప్పుడు వేర్లకు, బ్యాక్టీరియాకు గాలి అందుతుంది. గొట్టం చుట్టూ నాలుగంగుళాల పైపు ముక్కకు బెజ్జాలు పెట్టి తొడగండి, కంకర లోపలికి రాదు, చెయ్యి పెట్టి శుభ్రం చేసుకోవచ్చు. కంకర పైపొర ఎప్పుడూ పొడిగా ఉండేలా ఈ ఎత్తు చూసుకుంటే అక్కడ పాచి పట్టదు, దోమ గుడ్లు పెట్టదు. మా జిల్లాకు మలేరియా కొత్త కాదు కదా.

నాలుగు తొట్లు నిండినప్పుడు కింది ట్యాంకులోంచి దాదాపు 140 లీటర్లు పైకి పోతాయి. ఆ మట్టంలో కూడా చేపలకు చాలినంత లోతు ఉండాలి. పంపును నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. ఎక్కడైనా పైపు ఊడితే పంపు తన నోరు తేలేవరకు మాత్రమే నీళ్లు బయటికి తోస్తుంది, అడుగున జానెడు నీళ్లు మిగులుతాయి. ఇంత చవకైన బీమా ఇంకోటి లేదు.

కూలర్ పంపు పెట్టొచ్చా అని అడుగుతారు. నడుస్తుంది. అయితే నా దుకాణంలోకి వచ్చే వాటిలో సగం అవే, సీలు పోయి నీళ్లు లోపలికి చేరినవి. అలాంటి పంపు నీళ్లలో ఉండగా చెయ్యి పెడితే మనిషి పోతాడు. పంపు ఏదైనా సరే మూడు పనులు తప్పనిసరి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్చు, బిగించాలి. ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో చూపించుకోవాలి. వైరు సాకెట్‌లోకి వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలాలి, తడి వైరు వెంట పాకి వచ్చి ఆ వంపు దగ్గర కిందికి కారిపోతుంది. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీయడం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

గాలి ఆగకూడదు

నీళ్ల పంపు రెండు గంటలు ఆగితే కొంపలేమీ మునగవు. గాలి ఆగితే మునుగుతాయి. అందుకని గాలి పంపును వేరుగా, రోజంతా నడిచేలా పెట్టండి. బుడగలు వదిలే గాలి రాళ్లు రెండు, తొట్టికి అటూ ఇటూ. పంపు 40 వాట్లు రోజుకు ఆరు గంటలు, గాలి పంపు 20 వాట్లు 24 గంటలు, కలిపి నెలకు 22 యూనిట్ల లోపే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే గాలి పంపును ఒక్కదాన్నే ఆ లైనుకు కలపండి. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ 20 వాట్ల గాలి పంపును మూడు రోజులు నడపాలని కాగితం మీద లెక్క వస్తుంది. ఇన్వర్టర్ తన సొంతానికే 15, 20 వాట్లు తింటుందని ఆ లెక్క మరిచిపోతుంది. ఒక పగలు, ఒక రాత్రి అనుకోండి, అదీ ఫ్యాన్లు కట్టేస్తే. ఇన్వర్టర్ లేనివాళ్లకు 12 వోల్టుల డీసీ గాలి పంపు, 7 ఆంపియర్ అవర్ చిన్న బ్యాటరీ, దానికి ఛార్జరు, ఒక 12 వోల్టుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) చాలు. రిలే కాయిల్‌ను చూడటానికి ఫోను ఛార్జరులా ఉండే 12 వోల్టుల అడాప్టర్‌తో కరెంటుకు కలపండి. బ్యాటరీ నుంచి గాలి పంపుకు వెళ్లే వైరును రిలేలో మామూలుగా మూసి ఉండే కాంటాక్టు గుండా తీసుకెళ్లండి. కరెంటు ఉన్నంతసేపు రిలే దాన్ని తెరిచి ఉంచుతుంది, పోగానే వదిలేస్తుంది, గాలి పంపు దానంతట అదే మొదలవుతుంది. పది వాట్ల పంపు నాలుగు గంటలు నడుస్తుంది. మీ వీధి ఎలక్ట్రీషియన్ అరగంటలో బిగిస్తాడు. నెలకొకసారి మెయిన్ ఆపి నడుస్తోందో లేదో చూడండి.

నీళ్లను తయారుచేయడం

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తొట్టిలో పోసి గాలి పంపు వేసి ఒకటి రెండు రోజులు తెరిచి ఉంచండి. బోరు నీళ్లు గట్టివైతే పీహెచ్ ఎనిమిది దాటుతుంది. వాన నీళ్లు పట్టుకుని సగం సగం కలుపుకోవచ్చు. చేప, బ్యాక్టీరియా, మొక్క ముగ్గురూ సర్దుకుపోయే పీహెచ్ 6.8 నుంచి 7 వరకు.

అక్వేరియం దుకాణాల్లో దొరికే చుక్కల పరీక్ష కిట్టు కొనండి. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసేది. కొన్నాక ఐదారు చిన్న చేపలు మాత్రమే వేసి చిటికెడు మేత పెడుతూ ఉండండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది. అది కూడా తగ్గి నైట్రేట్ కనిపించిన రోజున మీ కంకర పనిలోకి దిగినట్టు. నీళ్లు 25 డిగ్రీలు దాటి ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు, చలిలో ఇంకా ఎక్కువ. ఎవరిదైనా పాత అక్వేరియంలోని ఫిల్టర్ స్పాంజి పిండిన నీళ్లు కంకరలో పోస్తే తొందరవుతుంది. ఈలోగా అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే మేత ఆపి, మూడో వంతు నీళ్లు మార్చండి. నైట్రైట్ చేప రక్తాన్ని ప్రాణవాయువు మోయనివ్వదు. లీటరుకు ఒక గ్రాము చొప్పున, అంటే తొట్టికి అర కిలో కల్లుప్పు కరిగించి పోస్తే ఆ విషానికి చాలావరకు అడ్డుపడుతుంది.

ఏ చేప

రోహు, బొచ్చె చెరువు చేపలు, చిన్న తొట్టిలో ఎదగవు, ఎగిరి బయటపడతాయి. గిఫ్ట్ తిలాపియా ఈ పనికి ప్రపంచమంతా వాడే చేప, కానీ మన దగ్గర దాని పెంపకానికి మత్స్యశాఖ అనుమతి ఉండాలి. ఆఫ్రికన్ మాగుర్, సంతలో థాయ్ మాగుర్ అని అమ్మేది, నిషేధంలో ఉంది, ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకండి. కరెంటు లెక్కతో చూస్తే నాకు మిగిలేవి రెండు: నాటు మార్పు (దేశవాళీ మాగుర్ చేప), పంగాసియస్. రెండూ నీటి పైకి వచ్చి నోటితో గాలి తీసుకోగలవు. మార్పు రుచికి రాజు, ఒరియా ఇళ్లలో జబ్బుపడి లేచినవాళ్లకు వండి పెడతారు. కానీ మెల్లగా పెరుగుతుంది, సైజులు కలిస్తే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, వాన రాత్రి తొట్టి ఎక్కి పెరట్లోకి నడిచిపోతుంది. పిల్లలన్నీ ఒకే సైజులో తీసుకుని పైన వల బిగించండి. పంగాసియస్ సులువు, ఆరేడు నెలల్లో పావు కిలో దాటుతుంది, చలికి మాత్రం తట్టుకోదు. ఆర్.ఉదయగిరి, మోహన కొండల మీద ఉండేవాళ్లు దాని జోలికి పోవద్దు. పిల్లల్ని ప్రభుత్వ హేచరీల నుంచి తెచ్చుకోవడం మంచిది. భువనేశ్వర్ పక్కన కౌసల్యగంగలోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సలహాకు కూడా మంచి చోటు. చేప తినని ఇంట్లో కోయి కార్ప్, గోల్డ్‌ఫిష్ పెంచుకోండి, బచ్చలికి ఆ తేడా తెలియదు.

పిల్లల సంచీని తెచ్చిన వెంటనే విప్పకుండా తొట్టి నీళ్లలో తేలనిచ్చి, పావుగంట తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు కలిపి వదలండి. మేత తేలే గుళికలే, మాంసకృత్తులు నూటికి 28 నుంచి 32 ఉన్నవి. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40, 50 గ్రాముల మేత లెక్క, మన రెండు మీటర్లకు 80 నుంచి 100 గ్రాములు, అది కూడా చేపలు పెద్దయ్యాక. మొదట్లో అవి ఐదు నిమిషాల్లో తినగలిగినంతే. మిగిలినది వలతో తీసేయండి. వానాకాలంలో బూజు పట్టిన మేతను ఎండబెట్టి వాడేవాళ్లున్నారు. బూజు విషం ఎండకు పోదు.

మొక్కలు

మొదటి మూడు నెలలు ఆకుకూరలే: తోటకూర, బచ్చలి, పుదీనా, తూటికూర. తూటికూర మా వైపు సంతల్లో కట్టలుగా వస్తుంది, ఆ కట్టలోని కాడలు గుచ్చినా వేర్లు పట్టేస్తాయి. టమాటా, మిరప, వంగ ఆ తర్వాత, నైట్రేట్ నిలదొక్కుకున్నాక. మట్టిలో పెంచిన నారు అయితే వేర్లు కడిగి నాటండి.

మేతలో తక్కువపడేవి మూడు: ఇనుము, పొటాష్, సున్నం. లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం. ఎరువుల కొట్లో చిలేటెడ్ ఇనుము దొరుకుతుంది, డీటీపీఏ రకం అడగండి. లీటరుకు రెండు మిల్లీగ్రాముల ఇనుము అందేలా మూడు వారాలకొకసారి వేయాలి. డబ్బా మీద ఇనుము ఆరు శాతం అని ఉంటే 500 లీటర్లకు 17 గ్రాములు. ముదురు ఆకుల అంచులు మాడితే పొటాష్, దానికి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కొద్దిగా. బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ పీహెచ్ దానంతట అదే దిగుతుంది. 6.5 కంటే తగ్గితే చెంచాడు సున్నం బకెట్టు నీళ్లలో కలిపి తేరిన నీటిని కంకర మీద మెల్లగా పోయండి. రోజుకు 0.2 కంటే ఎక్కువ పెంచవద్దు. అమ్మోనియా ఉన్నప్పుడు అసలే వద్దు, పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

పురుగు పడితే మందు కొట్టడానికి లేదు. పొగాకు కషాయం, వేప నూనె కూడా చేపలకు చేటు. పేనుబంకను నీళ్ల ధారతో కొట్టండి, గొంగళిపురుగును చేత్తో ఏరి చేపలకే వేయండి. తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి సంగతి చూడండి. మేత ముట్టకపోతే ముందు అమ్మోనియా పరీక్ష చేయండి. రోజూ ఆవిరయ్యే ఐదు నుంచి పదిహేను లీటర్లు నింపుతూ ఉంటే చాలు, నీళ్లు మార్చే పనే ఉండదు.

తుపాను, పంచాంగం

ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను ముంచింది 2018 అక్టోబరు 11న. అలాంటప్పుడు కరెంటు పోయేది గంటలు కాదు, రోజులు. ఏ బ్యాటరీ అన్ని రోజులు నిలవదు. కాబట్టి అక్టోబరులో తొట్టి నిండా పెద్ద చేపలు లేకుండా చూసుకోవాలి.

శివరాత్రికి తొట్టి కట్టి నీళ్లు తిప్పడం మొదలుపెట్టండి. చలి వెళ్లిపోతుంది, బ్యాక్టీరియా చురుగ్గా ఉంటుంది. ఉగాది దాటాక చేపపిల్లల్ని పూర్తిగా వేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది, 50 శాతం పచ్చ నీడవల కట్టండి, మధ్యాహ్నం మేత మానేయండి. వినాయక చవితి తర్వాత పెద్దవి ఒక్కొక్కటే వంటింటికి చేరనివ్వండి. దసరాకు నాలుగైదు మాత్రమే మిగలాలి.

తుపాను హెచ్చరిక వస్తే ముందు రోజే మేత ఆపండి, ఖాళీ కడుపు చేపకు గాలి తక్కువ చాలు. నీడవల విప్పి, ట్యాంకు మూత కట్టి, పంపు ప్లగ్ తీసేయండి. కరెంటు లేనన్నాళ్లు చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి తొట్టిలోకే పోస్తూ ఉండాలి. చేపలు తక్కువగా ఉంటే ఇంట్లో ఒకరు గంటకోసారి పది నిమిషాలు చేయగలరు. రోజుకు మూడు నాలుగుసార్లు రెండేసి బకెట్లు కంకర మీద పోయండి. కంకర తడిగా, గాలి ఆడుతూ ఉంటే బ్యాక్టీరియా బతుకుతుంది. నీళ్లు నిలబడి ఉంటే కుళ్లు వాసన కొడుతుంది, అప్పుడు ఆ నీళ్లను చేపల్లోకి దించకుండా బయటికి వదిలేయాలి.

కరెంటు వచ్చాక పంపు వేసిన రోజున మేత వద్దు. మర్నాడు అమ్మోనియా చూడండి, అర మిల్లీగ్రాములోపు ఉంటే మామూలు మేతలో పావు వంతుతో మొదలుపెట్టండి. మిగిలిన ఆ నాలుగైదు చేపలే చలికాలమంతా కంకరకు పని ఇస్తాయి. అప్పటికి కొత్తిమీర, పాలకూర వేసుకునే రోజులు వస్తాయి, వాటికి ఆ మాత్రం ఎరువు సరిపోతుంది.